తరుగు

పొద్దన కొట్టు తలుపు తీయగానే
లక్ష్మి పటానికి దణ్ణం పెట్టకముందే
కాటా మీద తెల్లగుడ్డ పరిచి, సున్నా చేసి,
దాన్ని పడుకోబెడతాను.
నలభై రెండు తులాలు, గఫారు తెచ్చిన రోజు.
నిన్న ముప్పై ఎనిమిదిన్నర.
ఈ పొద్దు అంకె నిలవడం లేదు.

ఆరువందల గ్రాములు దాటితే మోయని కాటా ఇది.
ముక్కుపుడకలకీ మాటీలకీ కొన్నది.
మిల్లీగ్రాము తేడా పట్టేస్తుంది,
ఫ్యాను గాలికే ఉలిక్కిపడుతుంది.
దాని కడుపు ఎగసినప్పుడల్లా
ఎర్రంకెలు పైకీ కిందికీ పరుగెత్తుతాయి.
ప్రొద్దుటూరు బజార్లో ముప్పై ఏళ్లుగా తూచినా,
ఊపిరి పీల్చే సరుకును ఎప్పుడూ తూచలేదు.

చేపల మార్కెట్టు వెనక మోరీలో దొరికిందంట.
"ఏమప్పా, కంసలి కొట్లో పిల్లేంది,
ఎలకలు బంగారం తింటాయా?"
అని నవ్వినాడు చిట్టీల చెన్నకేశవులు.
నేనూ నవ్వినా. అప్పుడది తినేది.
వారం తిరగకుండానే
వెనక కాళ్లు ఒకదాని మాట ఒకటి వినడం మానేసినాయి.
గిన్నె దాకా వచ్చి, ఎందుకొచ్చిందో మరిచిపోయినట్టు
గోడను చూస్తా నిలబడేది.

పశువుల ఆస్పత్రిలో ఓబులేసు డాక్టరు
గొర్రెల వరస మధ్యలో దాన్ని అరచేతిలోకి తీసుకొని
కంటి రెప్ప లాగి చూసినాడు, చిగుళ్లు చూసినాడు.
నులిపురుగులకు మందిచ్చినాడు. జ్వరానికిచ్చినాడు.
మూడోసారి పోతే ఏమీ ఇవ్వలేదు.
గోపవరం కాలేజీలో ముగ్గురు పిల్ల డాక్టర్లు
సూదికి నరం దొరక్క, చెమటలు పట్టి,
ఒక్క చుక్క రక్తం తీసినారు.
కాగితంలో అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి.
"ఏదో ఉందాచారీ, పేరు మాత్రం తెలీదు"
అన్నాడు ఓబులేసు, తప్పు తనదైనట్టు.

గీటురాయి మీద ఒక్క గీత గీస్తే
ఎంత రాగి కలిసిందో చెప్పేస్తాను.
దీన్ని దేని మీద గీయను?

ఊదుగొట్టం పట్టే వేళ్లతో
ఇంకు ఫిల్లరు పట్టడం నేర్చుకున్నా.
మేకపాలు, ఒక చుక్క. మింగిందా?
గొంతు మీద వేలు. మింగింది.
ఇంకో చుక్క.
కుంపటి పక్కన చెక్కపెట్టెలో
నగలు చుట్టే గులాబి కాగితాల మీద పడుకుంటుంది.
రాత్రి రెండింటికి ఇంట్లోంచి లేచొస్తే
బీటు పోలీసు టార్చి వేసి
"ఏం ఆచారీ, అర్జెంటు ఆర్డరా?" అంటాడు.
అవునంటాను.

మొదట్లో ఒక పని చేసేవాణ్ణి, చెప్పడానికి సిగ్గే.
నేలంతా ఆకురాయి పొడి రాలుతుంది కదా,
దాని పాదాలకి అంటుకునేది.
సాయంత్రం పళ్లెంలో నీళ్లు పోసి, నాలుగు పాదాలూ కడిగి
ఆ నీళ్లు దుమ్ము డబ్బాలో వంచేవాణ్ణి.
ఊడ్చిన మట్టి కూడా అమ్ముకునే పని మాది.
ఇప్పుడది పెట్టె దిగడం లేదు. పాదాలు శుభ్రంగా ఉన్నాయి.
ఆ శుభ్రం చూడలేక
నిన్న నేనే ఎత్తుకొచ్చి
కాసేపు నేల మీద నిలబెట్టినా.

మా లెక్కలో తరుగు ఎప్పుడూ గిరాకీ మీదే.
నూటికి ఇంతని ముందే చెప్పి రాసుకుంటాం.
దీని తరుగు ఎవరి ఖాతాలో రాయను?
జమా పుస్తకం చివరి పేజీలో పద్దెనిమిది తారీకులున్నాయి,
పక్కన తులాలు.
పేరుండాల్సిన చోట ఉత్త "పిల్లి".
జబ్బుకి పేరు దొరికినాక దీనికీ పెడదామనింది మా వీరమ్మ.

అంకె ఇంకా నిలవలేదు.
ఫ్యాను ఆపేసినా. గఫారు ఊపిరి బిగబట్టినాడు.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది,
మళ్లీ ముప్పై ఎనిమిది.
పెరిగిందా, వణుకా?
బయట పుస్తెల గిరాకీ ఒకటి చెప్పులు విడుస్తోంది.
అది తలెత్తి, పరుగెత్తే ఎర్రంకెల మీదికి
ముందరి కాలొకటి చాచింది, పట్టుకోవాలని.
పెన్ను మూత పెట్టేసినా.
ఈ పొద్దు గడి ఖాళీ.