అడ్డగీత

ఉయ్యాల కొక్కేలు అటక మీదున్నాయి చూడమంది అమ్మ.
స్టూలెక్కి చెయ్యి పెడితే దొరికింది
మొదటి పేజీలు లేని నవల.
పేరు లేదు, రాసిందెవరో లేదు.
క్యాలెండర్ కాగితంతో అట్ట,
లోపలంతా పాత గోనెసంచి వాసన.

పగలు చదవకూడదు దీన్ని,
అన్నం సయించదు.
రాత్రి రెండు దాటాక
బిడ్డ కుడి రొమ్ము వదిలి ఎడమది అందుకునే లోపు
ఫోను వెలుతుర్లో నాలుగు పేజీలు, అంతే.

అందులో ఒకామె. పేరు పెట్టలేదు, తల్లి అంటారు ఊరికే.
పురుడైన పదకొండో రోజున
బిడ్డ చెవి వెనక పుట్టుమచ్చ
కుడి నుంచి ఎడమకి మారిందనుకుంటుంది.
ఎవరికీ చెప్పదు.
నీళ్ళు పోసేటప్పుడు లెక్కపెడుతుంది,
వేళ్ళు, గోళ్ళు,
బకెట్టులో నీళ్ళు ఎన్ని జానలున్నాయో కూడా.

పుస్తకం మూసేసి
మావాడి చెవులు రెండూ మడిచి చూశాను.
అక్కడ ఏమీ లేదు.
ఏమీ లేదని రెండుసార్లు చూశాను.

రామతీర్థం రోడ్డు మీద లారీ గేరు మారుస్తోంది,
ఇంటంత రాయిని గొలుసులతో కట్టుకుని.
చీమకుర్తిలో కొండలు రాత్రిపూటే ఊరు దాటతాయి.
ఫ్యాక్టరీలో నాన్న తడిగుడ్డతో తుడిచి చూపించే నల్లరాయి,
లోపల బంగారు చుక్కలు.
మావాడి కళ్ళు అట్టాంటివేనని అందరూ ముద్దుగా అంటారు.
ఆ చుక్కలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగితే
నేనెవరో వాడికి ముందే తెలుసనిపిస్తుంది,
నాకే ఇంకా తెలీదనీ.

ముప్ఫయ్యో పేజీ అంచున మొదటి గీత.
ఈ బిడ్డ నా బిడ్డ కాదని ఆమె అనుకున్న చోటల్లా
పెన్సిల్‌తో ఒక చిన్న నిలువు గీత.
నాలుగయ్యాక ఐదోది అడ్డంగా.
ఎవరో పాలవాడి లెక్కలాగా రాసుకుంటూ పోయారు.
అడ్డగీత మాత్రం
అందరూ గీసే వైపు కాకుండా ఎదురు వాలుగా ఉంది.

వంటింటి తలుపు వెనక ఇప్పటికీ ఉన్నాయి
బొగ్గుతో గీసిన పాల లెక్కలు,
రెండుసార్లు రంగు వేసినా మాసిపోనివి.
ఎదురు వాలు గీతలు.
మా ఇంట్లో ఎడమచేతి మనిషి ఒక్కతే.
ఆ చేత్తో వడ్డిస్తే
నాయనమ్మ విస్తరి ముందునుంచి లేచిపోయేది.

అట్ట విప్పాను.
1996 ఆగస్టు.
నాకప్పుడు నాలుగో నెల.

చదవడం ఆపి గీతలే వెతుక్కుంటూ పోయాను.
నాలుగు కట్టలు, మూడు విడి గీతలు.
నూట ముప్ఫై తొమ్మిదో పేజీలో రూపాయంత మరక,
కాగితం అక్కడ అట్టకట్టి ఉంది.
టీ కాదు. ఏంటో
ఈ మూడు నెలలుగా నా జాకెట్లన్నిటికీ తెలుసు.
నూట నలభైలో ఆమె మళ్ళీ అదే అనుకుంటుంది.
పక్కన గీత లేదు.
ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నా లేదు.
అమ్మ మానుకుంది
అనుకోవడమా, లెక్క రాయడమా?

కింద చాప కదిలింది.
"ఇంకా నిద్దర పోలా?"
లేచి కూర్చుంది. నా చేతిలోది చూసింది.
జుట్టు ముడేసుకుంది,
ఆ కాస్త జుట్టుకి అంతసేపు అక్కర్లేదు.
నేను అడగాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చింది ఒకటి.
"చివర్లో ఏమవుద్దమ్మా, ఆ బిడ్డకి?"

ఎడమచెయ్యి చాపి వాణ్ణి తీసుకుంది.
భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు నిమిరి,
గోడకేసి చూస్తా అంది:
"నూట నలభై దాకా ఓర్చుకో.
ఆడ్నించి నిద్ర పడుద్ది."

లారీ పోయింది.
కిటికీ చువ్వలు కాసేపు వణికి ఊరుకున్నాయి.
నేనింకా
ఎనభై ఎనిమిదిలోనే ఉన్నాను.