ఏడాది గడువు

చివరి బస్సు నన్ను చూసి కూడా కదిలిపోయింది.
ఎండు పుట్టగొడుగుల కొట్టతని త్రాసు తేల్చడానికి
అరగంట ఎక్కువ పట్టింది, అంతే.
జియుహువా కొండ మీద చీకటి
ఎవరో తడిగుడ్డ కప్పినట్టు ఒక్కసారే పడుతుంది.

సన్యాసినుల మఠంలో పుస్తకం ముందుకి తోశారు:
పేరు, ఊరు, వచ్చిన పని.
లూ వాన్‌చిన్. ఛిజోవ్. తూనికలు కొలతల శాఖ.
మూడో గడి దగ్గర ఇది చాలదేమోనని కలం ఆగితే
ఆ చిన్నమ్మాయి, గుండు మీద దోమకాటు గోక్కుంటూ,
"నిద్ర అని కూడా రాయండి" అంది.

రాత్రికి వెదురు మొలకలు, టోఫు.
మెతుకు మిగల్చకూడదని గోడ మీద ఆజ్ఞ.
పక్కనున్న ముసలామె గిన్నెలో వేడినీళ్ళు పోసి
తొలిచి, ఆ నీళ్ళే తాగింది.
నేనూ తాగాను. రుచేం లేదు. కొంచెం సిగ్గు ఉంది.

గదిలో ఆరు మంచాలు, మేమిద్దరం.
బొంతలు కొండ మబ్బునంతా పీల్చుకుని
ఒక్కోటీ ఒక మనిషంత బరువు.
(బరువులు తప్ప నాకు వేరే పోలికలు రావు.)

రువాన్ అవ్వ. నది అవతల, కరకట్ట కింద ఊరు.
పసుప్పచ్చ గుడ్డసంచి దీపం కింద పరిచింది.
గుడికో ఎర్రముద్ర. కొన్ని తలకిందులు,
ఒకటి చెమటకి అలుక్కుపోయి.
"చదువు రాదు నాకు. అన్నీ దేవుడి పేర్లేనా?"
అన్నీ గుడుల పేర్లే అవ్వా. ఇదొక్కటీ టికెట్ కౌంటరుది.
నవ్వింది. పళ్ళు లేని చోటు నుంచి గాలి కూడా నవ్వింది.

సంచి ఆమెకి కాదు.
మంచాన పడ్డ మొగుడికి, పోయేటప్పుడు తల కింద పెట్టడానికి.
దీపం ఆర్పాక చెప్పింది,
నేనెవరో మరిచిపోయి చెప్పిందో, గుర్తుండే చెప్పిందో:
"బియ్యం కొట్టు మాది. నలభై ఏళ్ళు దండి కొట్టాడు.
పళ్ళెం అడుగున సీసం అంటించేవాడు.
చంటిపిల్లని ఎత్తుకొచ్చిన వాళ్ళకి మాత్రం
సీసం ఊడదీసి తూచేవాడు. అది కూడా రాసుకో."
రాసుకోవడానికి నేనెవర్ని?
పెంకుల మీద వాన, చిల్లర లెక్కపెడుతున్నట్టు.

కింద హాల్లో క్షితిగర్భుడు మేలుకునే ఉంటాడు,
నరకం ఖాళీ అయ్యేదాకా బుద్ధుణ్ణి కానన్నవాడు.
సరుకు లెక్క తేలని గోదాము ముందు
ఇంటికి పోలేని గుమాస్తాలా.
మొదటిసారి ఆయన మీద నాకు జాలేసింది.

మూడున్నరకి చెక్కపలక మోగింది.
పాఠం తెలియక పెదాలు కదిపి వచ్చేసరికి
అవ్వ నా పెట్టె ముందు కూర్చుని ఉంది.
"నీ దగ్గరా ముద్ర ఉందటగా. ఈ మూల ఖాళీ."
ఇది ప్రభుత్వ ముద్ర అవ్వా, దేవుడిది కాదు.
"మా కొట్టుకి వచ్చింది ప్రభుత్వమే. దేవుడెన్నడూ రాలేదు."

తూచకుండా ముద్ర వెయ్యను.
పంతొమ్మిదేళ్ళుగా నాకున్న భక్తి అదొక్కటే.
త్రాసు తీశాను. ఇత్తడి రాళ్ళు పట్టకారుతో ఒక్కొక్కటే.
సంచి: నూట పన్నెండు గ్రాములు,
అగరు బూడిద, తేమ, ఆమె చేతి జిడ్డు కలిపి.
అవ్వ వంగింది. పళ్ళెం అడుగున
వేలితో మెల్లగా తడిమి చూసింది.
ఏమీ లేదు.
ఇంకోసారి తడిమింది.

ముద్ర కొట్టాను.
"ఏముంది అందులో?"
సరిచూడడమైనది. ఏడాది వరకు చెల్లును.
"ఏడాదేనా?" మొహం ముడుచుకుంది. కాసేపాగి,
"అయితే అప్పటిదాకా ఆయన్ని ఉండమంటాను" అంది.

మొదటి బస్సులో రిజిస్టరు తెరిచాను,
కొట్టిన ప్రతి ముద్రకీ లెక్క ఉండాలి కదా.
వస్తువు: గుడ్డసంచి, ఒకటి.
తూకం: రాశాను.
లోపం అన్న గడి దగ్గర బస్సు మలుపు తిరిగింది,
కలం జారి
పక్క పేజీ దాకా గీత పడింది.