బాణీ

కుతైసిలో అంబులెన్స్ నడిపే సియాలా
డ్యూటీ దిగినా
సైరన్ దిగదు.
రెండే స్వరాలు, అవే రెండు,
టీ కాచేటప్పుడు, జడ విప్పేటప్పుడు,
తలగడ లోపల.

డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటోంది. కొంచెం నయం.
చేతి వణుకు మాత్రం
స్టీరింగుకి తెలుసు.

గురువారాలు మెట్ల దగ్గర
కింది వాటా ముసలాళ్ళు పాడుకుంటారు, మూడు గొంతులు.
ఇవాళ ఒకటి తక్కువ,
ఓతియాకి మోకాలి ఆపరేషన్.
"ఇలా రా, బాణీ పట్టు" అన్నాడు నుగ్జర్.

వాళ్ళ భాషలో బాణీ అంటే వరస కాదు,
పాట కింద నేల.
మాటల్లేవు. ఒక్క 'ఓ'.
పైన ఎవరెటు తిరిగినా
కదలకుండా ఉండటమే పని.

"ఊపిరి అయిపోతేనో?"
"తీసుకో. అందాకా నేను మోస్తా."

పదిహేనేళ్ళలో ఎన్ని ఊపిర్లు మోసిందో,
ఈ మాట తనతో ఎవరూ అనలేదు.

పట్టింది. వణికింది. తెగింది.
తెగినచోట ఇంకో గొంతు ఉంది.
ముక్కు చీదుకుని మళ్ళీ పట్టింది.

ఆ రాత్రీ సైరన్ వచ్చింది, మామూలుగానే.
సియాలా దుప్పట్లోంచే, పక్కింటికి వినపడకుండా,
దాని కింద ఒక 'ఓ' పరిచింది.

రెండు స్వరాలూ
కాసేపు తచ్చాడి
కూర్చున్నాయి.