ప్లైవుడ్ గోడ

దేవరకొండ కోర్టు వెనక సందుల
ఒకే రేకుల కప్పు కింద ముగ్గురం.
వాకిలి మీద ఒకటే బోర్డు:
వకీలు, సర్వేయరు, ఆడిటరు.
కిరాయి మూడు పాళ్లు, కరెంటు బిల్లు మూడు పాళ్లు,
చాయ్ మాత్రం ఎవరి జేబుల చిల్లరుంటే వాళ్లది.
నడుమ గోడలంటే గోడలు కావు,
ప్లైవుడ్ చెక్కలు.
అవతల అంజిలయ్య గొలుసు చుట్టుకుంటుంటే
ఒక్కో లింకూ నా చెవిల రాలేది.
నేను దగ్గితే ఆడిటరు కృపాకర్
అటునుంచే మిరియాల పాలు తాగమనేటోడు.

ముచ్చటగనే ఉండె, చాన ఏండ్లు.

ఆ గురువారం ఈదమ్మ వచ్చింది
చందంపేట దిక్కు నుంచి, పొద్దుటి బస్సుకు.
తువ్వాల మూటల ఆరు సీతాఫలాలు,
వాటి కింద మడత పడ్డ పాసుబుక్కు.
పాలోడు హద్దురాయి జరిపిండని దావా.
ఫైలుకు దారం కట్టి లేవబోతుంటే
"ఇంకో మాటున్నది సారూ" అని మళ్ల కూసున్నది.
తలుపేసిన.
తలుపేస్తే చాలనుకున్న.

"మా ఆయనకు కిడ్నీలు కరాబైన ఏడు
పది గుంటలు అమ్మిన. తెల్లకాయితం మీద ఏలుముద్ర.
కొన్నాయన సచ్చిపోయిండు, కాయితం ఏడున్నదో తెల్వది.
నా కొడుక్కి గూడ తెల్వది.
నీకే చెప్తున్న."

నీకే.
ముప్ఫై ఏండ్ల నల్లకోటుల
నేను మోసిన బరువంతా ఆ రెండక్షరాలదే.

కోర్టుల అబద్ధం ఆడించేటోణ్ణి కాదు.
ఆమెకూ అదే చెప్పిన:
"ఆ పది గుంటలు మనవి కావమ్మా, ఇడిచిపెడదాం.
ముందు నీ కొడుక్కి నువ్వే చెప్పు."
"సోమారం దాక ఆగు సారూ" అన్నది.
ఆమె అడిగింది అంతే.

శనివారం అంజిలయ్య రిపోర్టు మండలాఫీసుకు పోయింది.
ఆ భూమి కొలతకు ఆయన్నే పిలిచిండ్రని
ఆయన చెప్పలే, నేనడగలే.
గెట్లన్నీ సరిగ్గున్నయి, చివర్న ఒక వాక్యం:
"సదరు భూమిలో పది గుంటలు పూర్వము
సాదా కాగితముపై అమ్మినట్లు తెలియవచ్చినది."

తెలియవచ్చినది.
ఏ చెక్క సందులకెల్లి వచ్చిందో
అది మాత్రం రాయలే.

నేను ఒర్రిన.
అంజిలయ్య గొలుసు కింద పెట్టి నిమ్మళంగా అన్నడు:
"లంచం తిన్ననా? అబద్ధం రాసిన్నా?
తెలిసి రాయకుంటే నా లైసెన్సు ఏం గావాలె?
కొలిచెటోడు దాస్తె భూమి ఎవర్ని నమ్మాలె?"

తిరుగు మాట దొరకలే.
చెప్పకుంటే ఆయనకు తప్పు,
చెప్తే నాకు తప్పు.
రెండు ధర్మాల నడుమ పావంగుళం చెక్క.
ఇటుక గోడకు అప్పట్ల మేస్త్రి పద్దెనిమిది వేలన్నడు,
తలా ఆరు వేలని కృపాకర్ లెక్కగట్టిండు.
ఎక్కువన్నది నేనే.

ఈదమ్మ కొడుకు ఆ సంగతి
మండలాఫీసు వరండల, పాలోని నోట ఇన్నడట.

ఫైలు తీస్కపోను ఆమె ఒక్కతే వచ్చింది.
నేను నోరు తెరవకముందే
"నువ్వు చెప్పలేదు లే సారూ" అన్నది.
కుండ కొనేముందు కొట్టి చూసినట్టు
ఏలి గణుపుతోని చెక్కను కొట్టి చూసింది.
"డొల్లగున్నది" అన్నది.
పోయింది.

ఇప్పుడు జిరాక్సు షాపు మెట్ల కింద నా గది.
తల వంచి రావాలె, గాలాడది,
మూడు దిక్కులా రాతిగోడ.
అంజిలయ్య అప్పుడప్పుడు చాయ్ పంపుతడు, తాగుత.
ఆయన మీద కోపం నిలవదు, అదే నా బాధ.

ఒకటి ఎవరికీ చెప్పలే.
ఆ గురువారం సాయంత్రం, ఆమె బస్సెక్కినంక
సీతాఫలాలు ముగ్గురం పంచుకున్నం, తలా రెండు.
ఫీజు పక్కోనితో పంచుకోవద్దన్న నియమం
పండ్లకెందుకనుకున్న.
"మస్తు తియ్యగున్నయి, ఎవరిచ్చిండ్రు?"
అని అంజిలయ్య అడిగిండు, గింజ ఊస్తూ.
పేరు చెప్పిన.