పైన బడి, కింద షెడ్డు

ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డు మీద
ఒకటే గది, పదకొండు మంది.
మెట్లు ఇనుపవి.
ఎవరొస్తున్నారో చప్పుడే చెబుతుంది.
రెండేసి మెట్లు దూకితే ఖాజావలి.
మెట్టు మెట్టుకీ ఆగి
రెయిలింగుతో ఏదో మాట్లాడుకుంటూ వస్తే హేబేలు.
చప్పుడే లేకపోతే కృప.
చెప్పులు చేత్తో పట్టుకుని
ఇనుము వణుకు పాదాలతో వింటూ ఎక్కుతుంది.

ఏడున్నరకి హాజరు.
హేబేలు తన పేరుకి "ఉన్నా" అనేసరికి
నేనింకో ముగ్గుర్ని దాటేసి ఉంటాను.
మొదటి నెలంతా వాడికి ఆబ్సెంటే వేశాను,
ఎదురుగా కూర్చున్నవాడికి.
ఇప్పుడు పెన్ను ఎత్తి పట్టుకుని ఆగుతాను.
బీఈడీలో ఈ ఆగడం లేదు.

కింద మిషను అరుస్తుంది.
కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే పాఠం వినపడదు.
కృప బల్ల మీద అరచెయ్యి ఆనించి
వెల్డింగ్ కాదు, గ్రైండింగ్ అని సైగ చేస్తుంది.
చెవులున్న మాకు రెండూ ఒకటే గోల.

ఖాజావలికి పదిహేడు.
పగలు మేనమామ దగ్గర బ్రష్షు.
ఈ రోడ్డున పోయే లారీల మీద సగం పేర్లు వాడి చేతివే.
'మ'కీ 'య'కీ తేడా అడిగితే మాత్రం
చొక్కా తడిసిపోతుంది.
పుస్తకం తెరిస్తే బెంజి సర్కిలే మేడం, అంటాడు,
ఒక్కటీ దాని లైన్లో ఉండదు.

నిన్న వాన. ముగ్గురే వచ్చారు.
పాఠం తియ్యబుద్ధి కాలేదు. కిందికి దిగాం.
కొత్త లారీ తలుపు మీద, ఇంకా తడారని పసుపు రంగులో
యమున.
ఓనరు కూతురంట.
"నువ్వేనా రాసింది?"
"నేనే."
"చదువు."
తల దించుకున్నాడు.
"చదవలేను మేడం. గీసింది చెప్పనా?
ఫస్టుదానికి పొట్ట తెరిచే ఉంటది, చెయ్యి ఆగదు.
రెండోదానికి మూసెయ్యాలి.
అక్కడే రంగు జారిద్ది, ఊపిరి పట్టుకోవాలి."

ఏడేళ్ళుగా నల్లబల్ల మీద
నేనెన్నడూ చెప్పలేకపోయిన తేడా అది.

ఈలోగా హేబేలు దగ్గరికెళ్ళి
వేలితో ఒక్కో అక్షరం తాకాడు.
"య..."
రేకుల మీద వాన.
ఎవ్వరం అందించలేదు.
కృప వాడి పెదాలే చూస్తోంది.
ఖాజావలి వేలు గాల్లో
ఆ పెదాల వెనకే నడుస్తోంది.
"...ము... న."

వాడి వేలికి పసుపు.
నడిమక్షరం మీద వేలిముద్ర.
పొద్దున్నే ఓనరు తిడతాడు.
"బ్రష్షు తీసుకురా, దిద్దేద్దాం" అన్నాను.
రిజిస్టరు పైనే ఉండిపోయింది, హాజరు వెయ్యలేదు.
ఖాజావలి కదల్లేదు.
"ఎండనీండి మేడం."