పదింతల అద్దం

లాకు లస్కరు పేరయ్య గారికి
గుండెలో స్టెంటు వేశారు.
అప్పట్నుంచి నెత్తురు పల్చబడే మాత్ర.
మొన్న శుక్రవారం దవడ కింద నా చేతిలో చిన్న గాటు,
ఆవగింజంత.
పటిక రుద్దాను, పేపరు ముక్క అంటించాను.
పదకొండింటికి ఆయన లాకు తలుపులు ఎత్తే వేళకి
కాలరు ఇంకా తడుస్తూనే ఉందట.
ఏం అన్లేదు మనిషి.
"కత్తికీ వయసొచ్చిందేమోరా" అన్నారు, అంతే.

ఆ రాత్రి కొట్టు మూసి
జర్మనీ ముద్ర అరిగిపోయిన నాన్న కత్తిని
సానరాయి మీద పెట్టాను.
నాన్నకి అద్దాలెక్కడివి?
బొటనవేలి గోటికి వాదర ఆనించి
"కరుస్తోంది" అనేవాడు, లేదా "జారుతోంది."
ముంజేతి వెంట్రుకల్ని సాక్ష్యానికి పిలిచేవాడు,
ఎడం చెయ్యి ఎప్పుడూ నున్నగా ఉండేది.
నా గోటికి రెండూ ఒకటే అయిపోయాయి.
ముప్పై ఏళ్ళ సబ్బు, పటిక, కాలవ నీళ్ళు.
వేళ్ళు వినడం మానేశాయి.

కళ్ళు అరువు తెచ్చుకోవాలి ఇక.

చెయ్యి చూసే శేషాచార్యులు గారి భూతద్దం తెచ్చాను.
నరసాపురం సగం ఆయుర్దాయాలు అందులోంచే తేలాయి గానీ
నా కత్తి జాతకం తేలలేదు.
మెరిసే గీత ఒకటి కనబడింది.
గీతో, గాటో, అది చెప్పదు.

మా వాడు ఫోనుకి తగిలించే బుల్లి కటకం కొన్నాడు.
అరవై రెట్లని డబ్బా మీద రాసుంది.
చూపు దానిదీ, వణుకు నాదీ.
తెర మీద కత్తి
పుంతరోడ్డు మీద ఆటోలా ఊగింది.

చివరికి రొయ్యల ల్యాబులో జోయెల్ దగ్గరికి వెళ్ళాను,
కత్తిని తువ్వాల్లో చుట్టుకుని, దొంగలా.
పిల్లరొయ్య పేగులు చూసే మైక్రోస్కోపు,
దాని దీపం కిందుంటుంది.
రొయ్యపిల్ల గాజు, వెలుగుని దాటనిస్తుంది.
ఉక్కు దాటనిస్తుందా?
నల్లటి గట్టు ఒకటి, అవతల తెల్లటి చెరువు.
జోయెల్ పక్కనుంచి ఫోను దీపం వేశాడు.
అమ్మో!
అది కత్తి కాదు, తొలకరి దుక్కి.
చాళ్ళు, బెడ్డలు, విరిగిన గట్లు.
దీంతోనా ఇన్నాళ్ళూ
ఊరి గొంతుల మీద నడిచాను?

మూడు రాత్రులు నూరాను.
పెద్ద గీతలు పోయి చిన్న గీతలొచ్చాయి,
అవి పోతే వాటి పిల్లలు.
పొద్దున్నే ల్యాబు, రాత్రి రాయి.
కత్తి పలక సన్నబడుతోంది,
నాన్న మిగిల్చిన ఉక్కు బూడిదరంగు నీళ్ళై
వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

మా ఆవిడ లేసు అల్లుతూ తలెత్తకుండానే అడిగింది:
"గడ్డానికి నూరుతున్నావా, మైక్రోస్కోపుకి నూరుతున్నావా?"
కాసేపాగి,
"ముక్కు కిందెట్టుకు చూస్తే ప్రతి ముడీ తప్పే.
చెయ్యి చాపినంత దూరంలో కనబడే తప్పే తప్పు."

మర్నాడు వాచీల జానీ బాషా
తన పాత కంటిగొట్టం ఇచ్చాడు. పదింతలు.
"వాచీ బాగుచెయ్యడానికి ఇది చాలు,
టైము ఎక్కణ్ణుంచొస్తుందో చూడాలంటే చాలదు" అని నవ్వాడు.

కనుబొమ కింద బిగించి
కిటికీ వైపు కత్తిని కొద్ది కొద్దిగా వంచాను.
మొన వైపు ఒకచోట తళుక్కుమంది,
రవ్వంత.
పేరయ్య గారి ఆవగింజ అదే.
అప్పుడు తెలిసింది, మెరిసిందంటే మొద్దు.
పదునున్న చోట వెలుగుకి నిలబడ్డానికి జాగా ఉండదు,
అక్కడ చీకటే ఉంటుంది.
ఇరవైసార్లు రాయి మీద, నలభైసార్లు తోలు మీద.
తళుకు ఆరిపోయింది.
అయినా అలవాటు కొద్దీ గోటికి ఆనించాను.
కరిచింది.

శుక్రవారం పేరయ్య గారు కుర్చీలో వెనక్కి వాలారు.
గీశాను. తువ్వాలు తెల్లగానే ఉంది.
నమ్మకం చాలక
కంటిగొట్టం బిగించి దవడ మీదకి వంగాను.
ఆయన ఒక కన్ను తెరిచారు:
"ఒరేయ్, అది నా మొహం.
అంత దగ్గర్నుంచి చూసేదేం కాదు."