పదకొండు సెకన్లు

ఈరీ పట్టణంలో తెల్లారి
మంచు తోసే బండ్లకంటే ముందు
లెన్ ప్రుసాక్ గొంతు లేచేది.

"గోల్‌కీపర్‌వి చేతులా, చిల్లుల జల్లెళ్లా?"
జట్టు యజమాని ఫోన్ చేసి బెదిరిస్తే
ఆ బెదిరింపునీ ప్రసారంలోనే వినిపించాడు.
మూడు స్టేషన్లు గెంటేశాయి.
నాలుగోది జీతం కోసి పిలిచింది.

శనివారం రాత్రులు పాత గిడ్డంగిలో కుస్తీలు.
ఎవరు పడాలో ముందే రాసుకున్న ఆటకి
నరాలు తెగేలా అరిచేవాడు.
"అంతా నాటకమేగా?" అన్నాను పన్నెండేళ్ల నేను.
"నేల మాత్రం నాటకం కాదురా" అన్నాడు
దగ్గుబిళ్ల నములుతూ.

ఆ ఫిబ్రవరిలో
ముసుగు వస్తాదు ఒర్లిక్
తాడు మీంచి దూకి, మెడ మీద పడి,
లేవలేదు.
జనం ఇంకా ఈలలు వేస్తూనే ఉన్నారు.
లెన్ మైకుని అరచేత్తో మూశాడు.

ట్రక్కులో మా నాన్న
రేడియో చెడిందనుకుని రెండు దెబ్బలు వేశాడు.
పదకొండు సెకన్లు.
తర్వాత, ఎవరూ ఎరగని చిన్న గొంతుతో,
"డాక్టర్ని రానివ్వండి. ఇది నిజం."

ఇన్నేళ్ల నోటి దురుసుకి ఉద్యోగాలే పోయాయి.
ఆ మౌనానికి మాత్రం
స్టేషను నలభై డాలర్ల జరిమానా వేసింది.

కట్టాడు.
రసీదు స్టూడియో అద్దానికి అంటించి
సోమవారం ఆరింటికి
మళ్లీ గోల్‌కీపర్ని తిట్టడం మొదలెట్టాడు.